మూడు నిమిషాలు, ఎవరినీ అడగకుండా

మా ఆఫీసులో ఆవిణ్ణి అందరం ఎంతక్క అంటాం. చాటుగా కాదు, ఎదురుగానే. ఆ పేరు పెట్టింది నేనే కాబట్టి దాని సంగతి నేనే చెప్పాలి. ఉద్యోగంలో చేరిన మొదటి వారం, ఇంకా ఎవరి స్వభావం ఏమిటో తెలియదు, వెళ్ళి "అక్కా, ఈ బటన్ కొంచెం పెద్దది చెయ్యనా?" అని అడిగాను. "కొంచెం అంటే ఎంత?" అంది. "కొంచెం అంటే కొంచెమే అక్కా" అన్నాను. ఆవిడ లేచి నా సీటు దగ్గరికొచ్చి, నా బొటనవేలు పట్టుకుని ఫోను తెరమీద ఆనించి, "ఇంత చెయ్యి" అని వెళ్ళిపోయింది. గొంతు పెంచలేదు, మొహం చిట్లించలేదు. ఒళ్ళు మండింది నాకే. ఆ మంటలో పెట్టిన పేరు అది. ఆవిడకి తెలిసిపోయింది, నవ్వి ఊరుకుంది.

మాది వెబ్‌సైట్లు తయారుచేసే చిన్న సంస్థ. రెండో అంతస్తులో రెండు గదులు, కింద సైకిళ్ళు బాగుచేసే షాపు, మొత్తం ఆరుగురం. క్లయింట్లతో చేసుకునే ఒప్పందంలో మిగతా పేజీలన్నీ మా సారు చూసుకుంటారు. ఎంతక్కది ఒక్క పేజీ. ఏడో పేజీ. మా దగ్గరికొచ్చే ప్రతి మనిషీ కుర్చీలో కూర్చోగానే అనే మాట ఒకటుంటుంది: "సైటు మాత్రం సులువుగా ఉండాలండీ." ఆ ఒక్క మాటని విప్పి రాయడమే ఏడో పేజీ. ఎవరికి సులువు? ఏ పని చేసేటప్పుడు? ఎంతసేపట్లో? మధ్యలో పక్కవాళ్ళని అడిగితే తప్పినట్టా, నెగ్గినట్టా? ఆరుగురి చేత చేయించి చూస్తే ఎంతమంది గట్టెక్కాలి? ఇవన్నీ అడిగి, జవాబులు రాసి, ఇద్దరి చేతా సంతకాలు పెట్టిస్తే కానీ నేను కోడు మొదలుపెట్టడానికి లేదు.

ఒకసారి డ్రైవింగ్ స్కూలు యజమాని ఒకాయన వచ్చాడు. "మా సైటు మా అమ్మమ్మకి కూడా అర్థమయ్యేలా ఉండాలి" అన్నాడు దర్జాగా.

"చాలా మంచిదండీ. పరీక్ష రోజున ఆవిణ్ణి తీసుకురండి" అంది ఎంతక్క, రాసుకుంటూ.

ఆయన నీళ్ళు నమిలాడు. "ఆవిడ పోయి పదేళ్ళయిందండీ."

"అయ్యో. మరి ఆవిడ బదులు ఎవరొస్తారు? వాళ్ళ పేరు రాసుకుందాం."

నేను తెర వెనక తల దాచుకుని నవ్వాను. ఆవిడ నవ్వలేదు. ఆవిడకి అది నిజంగా సమాధానం కావలసిన ప్రశ్న.

ఈ గుణం చిన్నప్పుడు పిన్ని కుట్టు దుకాణంలో అబ్బిందట. స్కూలు కాగానే అక్కడికెళ్ళి కొలతలు రాసేది. "కొంచెం వదులుగా కుట్టండి" అనే ప్రతి మనిషికీ నడుము దగ్గర టేపు కింద వేళ్ళు దూర్చి "రెండు వేళ్ళా, మూడు వేళ్ళా?" అని అడగమని పిన్ని నేర్పింది. అడగకుండా రాసిన రోజున ఆ బట్ట మళ్ళీ విప్పి కుట్టే పని ఈవిడకే పడేది.

నేర్చుకుంది కదా, మరి పెద్దయ్యాక గుర్తుందా అంటే, లేదు. పెళ్ళయ్యాక ఆవిడా, ఆవిడ భర్తా కలిసి సొంతంగా ఓ వెబ్‌సైట్ల సంస్థ పెట్టుకున్నారు. ఇంట్లో ముందు గదే ఆఫీసు. ఒక ఫర్నిచరు షాపు ఆయనతో ఒప్పందం రాసుకున్నారు. అందులో ఉన్నది ఒక్క వాక్యం: సైటు వాడేవాళ్ళకు సులువుగా, ఆకర్షణీయంగా ఉండాలి. పదకొండు నెలలు! ఏం చేసి చూపించినా ఆయన తల అడ్డంగా ఊపి "ఇంకా సులువుగా లేదండీ" అనేవాడట. రంగు మార్చారు, అక్షరాలు మార్చారు, మొదటి పేజీ నలభై సార్లు మార్చారు. ఈ ఒక్క పనిలో కూరుకుపోయి మిగతా పనులు వదులుకున్నారు. చివరికి సంస్థ మూసేశారు. ఆవిడ భర్త ఇప్పుడు ఒక బడిలో కంప్యూటరు పాఠాలు చెబుతున్నాడు. ఈవిడ మా దగ్గరికొచ్చింది. వచ్చేటప్పుడు సారుని అడిగిన షరతు ఒక్కటే, ఒప్పందంలో ఒక పేజీ నాది అని.

సారు ఒప్పుకున్నారు కానీ మనసారా కాదు. ఏడో పేజీ వల్ల ప్రతి పనీ రెండు వారాలు ఆలస్యంగా మొదలవుతుందని ఆయన ఏడుపు. నాలుగేళ్ళుగా వింటున్నాం. అయినా ఆ నాలుగేళ్ళలో ఒక్క క్లయింటుతోనూ మాటా మాటా రాలేదు కనక ఊరుకున్నారు.

అప్పుడు కళ్ళ ఆసుపత్రి పని వచ్చింది.

చిన్న ఆసుపత్రే, ఒకే డాక్టరమ్మ. ఆవిడ బాధ ఏమిటంటే, కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బున్నవాళ్ళు మళ్ళీ చూపించుకోవడానికి రారు. నొప్పి ఉండదు కాబట్టి ఇంటికెళ్ళి మర్చిపోతారు. గుర్తొచ్చేసరికి చూపు కొంత పోయి ఉంటుంది, అది తిరిగి రాదు. అందుకని పరీక్ష అయిపోయి బయటికెళ్ళే లోపే, ఎవరి ఫోన్లో వాళ్ళు తర్వాతి తారీఖు ఖాయం చేసుకోవాలి. "సులువుగా ఉండాలి" అన్నారు డాక్టరమ్మ. ఎంతక్క రెండు రోజులు ఆవిడ వెంటపడి ఏడో పేజీ రాసింది. అదివరకు ఆ సైటు చూడని ఆరుగురు రోగులు, వెయిటింగు హాల్లో, ఉదయం పది గంటలకు, తమ సొంత ఫోన్లో, ఎవరినీ అడగకుండా, మూడు నిమిషాల్లో తారీఖు తీసుకోవాలి. ఆరుగురిలో ఐదుగురు నెగ్గాలి.

సైటు నేను చేశాను. చెప్పుకోకూడదు కానీ ముద్దొచ్చేలా చేశాను. లేత నీలం మీద తెల్లటి క్యాలెండరు, నెల మొత్తం ఒకే తెరమీద, వేలు పెడితే ఆ గడి మెల్లగా వెలుగుతుంది. పరీక్ష రోజున ఆరుగురికి ఆరుగురూ నెగ్గారు. ఒకావిడ అయితే నిమిషంలోపే. డాక్టరమ్మ సంతకం పెట్టారు, ఎంతక్క పెట్టింది, ఆ రోజంతా నా కాళ్ళు నేలమీద ఆనలేదు.

మూడు వారాలకి డాక్టరమ్మ ఫోను. సారు స్పీకరు ఆన్ చేశారు. "ఏమనుకోకండి గానీ, మీ సైటు సులువుగా లేదండీ. జనం ఇంకా కౌంటరు దగ్గరే గుంపుగా నిలబడుతున్నారు."

నాకు మండిపోయింది. లెక్కలు తీసి సారు ముందు పెట్టాను. రోజూ నలభై, యాభై మంది సైటులోనే తారీఖులు తీసుకుంటున్నారు. ఇంకేం కావాలట? సారు ఏడో పేజీ తీసి బల్లమీద పరిచారు. ఆ కాగితాన్ని ఆయన అంత ప్రేమగా చూడటం నేనెప్పుడూ చూడలేదు. "ఆవిడ సంతకమే ఉంది. ఆరుకి ఆరు. మన పని అయిపోయింది, ఇక చేతులు దులుపుకోవచ్చు" అన్నారు.

"సులువుగా లేదు" అన్న మాట స్పీకర్లో వినపడగానే ఎంతక్క మొహం పాలిపోయింది. నేను అది చూశాను.

"సార్, రేపొక్క రోజు నేను వెళ్ళి అక్కడ కూర్చుంటాను" అంది.

"ఎందుకమ్మా? కూర్చుని ఏం చూస్తారు?"

"ఏం చూడాలో తెలిస్తే ఇక్కడినుంచే చెప్పేదాన్ని."

సారు కుర్చీలో వెనక్కి వాలారు. చెడ్డమనిషి కాదు, కానీ ఏ మాటైనా కుండ బద్దలు కొట్టినట్టు చెబుతారు. "వెళ్ళండి. కానీ ఒకటి చెబుతున్నాను వినండి. సంతకాలైన ఈ పేజీని మీరే వెళ్ళి తప్పని ఒప్పుకుంటే, ఇక ఈ పేజీ ఎందుకు? రెండేసి వారాలు దీనికోసం ఎందుకు ఆగాలి? అప్పుడు మాత్రం పాత పద్ధతే. సులువుగా, ఆకర్షణీయంగా, ఒక్క వాక్యం, అంతే."

ఎంతక్క తల ఊపింది. ఆవిడకి ఆ ఉద్యోగంలో సొంతమంటూ ఉన్నది ఆ పేజీ ఒక్కటే. మా అందరికీ తెలుసు, సారుకీ తెలుసు.

మర్నాడు తోడుగా నేనూ వెళ్ళాను. నిజం చెప్పాలంటే, సైటుని వెనకేసుకు రావడానికి వెళ్ళాను. స్టీలు కుర్చీల వరసలు, గోడమీద టోకెన్ల నంబర్లు, మందుల వాసన. పదింటికి అంతా ప్రశాంతం. జనం వచ్చి కూర్చుని ఫోన్లు చూసుకుంటున్నారు. కొందరు చిన్న చిన్న అక్షరాల వార్తలు కూడా చదువుతున్నారు. "చూశావా అక్కా?" అన్నాను గొప్పగా. "చూస్తున్నాను" అంది.

పదకొండు దాటాక నర్సు వచ్చింది. ఒక్కొక్కరి తల వెనక్కి వాల్చి "పైకి చూడండి" అంటూ కళ్ళలో చుక్కలు వేసింది. కనుపాప పెద్దదై లోపలంతా కనపడటానికి వేసే మందు. పైన దూది ఆనించుకుని అందరూ కళ్ళు మూసుకున్నారు. అరగంటకి ఒక్కొక్కరే డాక్టరమ్మ గదిలోకి వెళ్ళి వచ్చారు. బయటికొచ్చేటప్పుడు ఎవరి నడకా ముందులా లేదు. నుదుటిమీద చెయ్యి అడ్డం పెట్టుకుని, అద్దాల తలుపు వెలుతురుకి కళ్ళు చికిలించుకుంటూ, గోడ పట్టుకుని తిన్నగా కౌంటరు దగ్గరికి. అక్కడ అందరూ పెద్దమ్మ అని పిలిచే ఆవిడ కూర్చుని ఉంది. ఇరవై ఏళ్ళుగా ఆ కౌంటరు ఆవిడదే. అందరూ ఫోను ముందుకి చాచి ఒకటే మాట, "పెద్దమ్మా, మీరే చూడండి."

పెద్దమ్మ ప్రతి ఫోనూ తీసుకుని, నా క్యాలెండరు తెరిచి, తారీఖు నొక్కి, తిరిగి ఇస్తోంది.

రోజూ నలభై, యాభై అని నేను గొప్పగా చూపించిన లెక్కలన్నీ ఆవిడ ఒక్క వేలు నొక్కినవి.

ఎంతక్క కౌంటరు దగ్గరికి వెళ్ళింది. "పెద్దమ్మా, రోజూ ఇంతేనా?"

"రోజూ ఇంతేనమ్మా. అదివరకు పుస్తకంలో రాసేదాన్ని, ఒక్క పని. ఇప్పుడు తలకో ఫోను. ఒక్కోటీ ఒక్కో రకం. మొదట్లో రెండు రోజులు నాకే ఏడుపొచ్చింది."

"డాక్టరు గారికి చెప్పలేదా?"

"ఏమని చెప్పను? మందు వేశాక కనపడదని డాక్టరుకి నేను చెప్పాలా తల్లీ?"

ఎంతక్క నావైపు తిరిగింది. "పది గంటలు అని రాసింది ఎవరు?"

ఆవిడే రాసింది. ఆ టైములో జనం ఖాళీగా కూర్చుని ఉంటారు, పరీక్ష పెట్టడానికి మనకి వీలు అని రాసింది. అంత పట్టుబట్టి గంటతో సహా రాసిన మనిషి, మందు పడకముందు గంట రాసింది. డాక్టరమ్మా చూసుకోలేదు, నేనూ చూసుకోలేదు, ఆరుగురు నెగ్గారు.

"అక్కా, మనకి తప్ప ఎవరికీ తెలియదు" అన్నాను. ఆ మాట ఎందుకన్నానో ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆవిడ నన్ను కోప్పడలేదు. డాక్టరమ్మ దగ్గరికెళ్ళి నలభై దాటాక ఒక్కసారీ కళ్ళు చూపించుకోలేదని చెప్పి, తనూ టోకెను తీసుకుని వరసలో కూర్చుంది. నర్సు చుక్కలు వేసింది. అరగంట దూది కింద కళ్ళు మూసుకుని కూర్చుని, పరీక్ష చేయించుకుని, బయటి గుమ్మం పక్కన నిలబడి తన ఫోను తీసింది. "టైము చూడు" అంది.

నేను గడియారం చూస్తూ నిలబడ్డాను. ఆవిడ ఫోను దగ్గరికి పెట్టుకుంది, దూరం జరిపింది, మళ్ళీ దగ్గరికి. లేత నీలం మీద తెలుపు అంతా ఒక మెరుపు ముద్దలా ఉందట. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. గడి నొక్కబోయి ఎక్కడో నొక్కింది, మొదటి తెరకి పోయింది. మళ్ళీ వచ్చింది. ఎనిమిది నిమిషాలయ్యాక "ఏ తారీఖు పడింది?" అని నాకు చూపించింది. డాక్టరమ్మ నెల తర్వాత రమ్మన్నారు. పడింది ఆ సాయంత్రానికి.

సంచిలోంచి ఏడో పేజీ తీసింది. పెన్ను అడిగింది. ఆరుకి ఆరు అన్నదాని కింద పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది: ఈ పరీక్ష మందు వేయకముందు పెట్టాం. తప్పు నాది. ఇది చెల్లదు. గీత కనపడక, సంతకం వెళ్ళి డాక్టరమ్మ సంతకం మీద ఎక్కింది.

తిరిగొచ్చేటప్పుడు నా చెయ్యి పట్టుకుని నడిచింది. ఎండకి తల వంచుకుంది. సగం దూరం వచ్చాక అంది, "తమ్ముడూ, ఆ ఫర్నిచరు షాపాయన లేడూ, పదకొండు నెలలూ ఆయన్ని తిట్టుకున్నాను. మొండివాడు, కావాలని ఏడిపిస్తున్నాడు అనుకున్నాను. ఆయన షాపులో ఏదో చూసే ఉంటాడు. ఏమిటో చెప్పడం చేతకాలేదు. ఒక్క రోజు ఆ షాపుకి వెళ్ళి కూర్చోవాలని నాకు తోచలేదు."

నేను ఆవిణ్ణి రోడ్డు దాటించాను.

సారు ఆ కాగితం రెండుసార్లు చదివారు. అరవలేదు. అది ఇంకా భయం. "డాక్టరు గారికి చూపించారా?" అన్నారు.

"చూపించాను సార్. ఇలా రాసి ఇవ్వకపోతే మీరంతేనని అనుకుని ఊరుకునేదాన్ని అన్నారు. మళ్ళీ పరీక్ష పెట్టడానికి ఒప్పుకున్నారు."

"నేను చెప్పింది గుర్తుందా?"

"ఉంది సార్."

"సరే. ఇది పూర్తి చెయ్యండి. తర్వాత పాత పద్ధతే."

ఎంతక్క కొత్త పేజీ రాసింది. మందు వేసి, డాక్టరమ్మ చూశాక, బయటి గుమ్మం పక్కన, అద్దాలున్నా లేకపోయినా, ఎవరినీ అడగకుండా, మూడు నిమిషాలు, ఆరుగురిలో ఐదుగురు. ఇదే తన ఆఖరి ఏడో పేజీ అని తెలిసి కూడా, ఆసుపత్రికి మూడు రోజులు తిరిగి రాసింది. నేను నా క్యాలెండరుని చంపుకున్నాను. నల్లటి తెర, డాక్టరమ్మ చెప్పిన ఒక్క తారీఖు అరచేయంత అక్షరాల్లో, కింద రెండే రెండు బటన్లు. ఈ రోజు సరే. వేరే రోజు కావాలి.

పరీక్షకి సారు కూడా వచ్చారు. గుమ్మం పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డారు. మొదటి ముగ్గురూ ఇట్టే అయిపోయారు. నాలుగో ఆయన ఫోను ముక్కుకి ఆనించుకుని మరీ నెగ్గాడు. ఐదో ఆవిడకి ఆ తారీఖు కుదరదు, వేరే రోజు నొక్కింది. అక్కడ ఆగిపోయింది. ఆ రెండో తెర నేను మార్చలేదు. ఎవరు అంతదాకా వెళ్తారులే అని పాత చిన్న గడులే ఉంచేశాను. ఆరో ఆయనదీ అదే గతి. "పెద్దమ్మా" అంటూ ఫోను చాచాడు.

ఆరుకి నాలుగు. నాకు తల ఎత్తాలనిపించలేదు.

డాక్టరమ్మ మాత్రం నవ్వారు. "నలుగురంటే చాలా నయమండీ! నాకు చాలు. ఇలా ఇవ్వండి, సంతకం పెట్టేస్తాను."

సారు చేతిలోనే కాగితం ఉంది. పెన్ను మూత తీసి ఉంది. ఎంతక్క నోరు విప్పలేదు. విప్పే హక్కు తనకి ఇంకా ఉందో లేదో ఆవిడకి తెలియదు. సారు డాక్టరమ్మని చూశారు, కౌంటరు దగ్గర ఆరో ఆయన ఫోను అందుకుంటున్న పెద్దమ్మని చూశారు, కాగితం చూశారు. పెన్నుకి మూత పెట్టేశారు.

"ఐదు అని రాసుకున్నాం కదండీ. వచ్చే వారం మళ్ళీ వస్తాం" అన్నారు. ఆ కాగితాన్ని ఎంతక్క చేతికిచ్చి, "తర్వాతి క్లయింటుది ఎల్లుండి మొదలు. మీరు ముందు ఒక రోజు వెళ్ళి అక్కడ కూర్చుని రండి, అప్పుడే రాయండి. మూడు వారాలు పట్టినా సరే" అని మెట్లు దిగి వెళ్ళిపోయారు.

ఎంతక్క ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. తర్వాత వరండాలోకి వెళ్ళి ఇంటికి ఫోను చేసింది. "ఏమండీ, పేజీ ఉంచారు" అంది. అవతల ఆయన ఏమన్నాడో నాకు వినపడలేదు. ఆవిడ మాత్రం గోడవైపు తిరిగి ఏడ్చేసింది.